డిస్కు లెక్కల తనిఖీ

కంప్యూటరు నేడు కార్యాలయములకే పరిమితమై యుండలేదు. మధ్యతరగతి గృహములలో సైతము అది రేడియో ప్రక్కన చోటు సంపాదించుకొన్నది. పిల్లల చదువు, పెద్దల పింఛను కాగితములు, పొలము దస్తావేజుల నకళ్ళు, పెండ్లి ఫోటోలు అన్నియు దానిలోని డిస్కునందే ఇమిడియున్నవి. అట్టి యంత్రము పని చేయుచుండగా హఠాత్తుగా కరెంటు పోవును. మరల వచ్చిన తరువాత మీట నొక్కినచో, పరిచితమైన బొమ్మలకు బదులు నల్లని తెరపై తెల్లని అక్షరములు కొన్ని కనబడును. ఫైలు వ్యవస్థలో అనుకోని పొరపాటు లున్నవనియు, తనిఖీని స్వయముగా నడుపవలసినదనియు చెప్పి, యంత్రము మన ఆజ్ఞకై నిరీక్షించుచు నిలిచిపోవును.

అప్పుడు గృహస్థు చేయు పని సాధారణముగా రెండింటిలో ఒకటి. సర్వము పోయినదని నిరాశ చెంది డిస్కునే తుడిచివేయించుట మొదటిది. ఎవరో చెప్పిన ఆజ్ఞ నొకదానిని కొట్టి, యంత్రము అడిగిన ప్రతి ప్రశ్నకును కన్నులు మూసికొని ‘అవును’ అని సమాధానమిచ్చుట రెండవది. రెండును నష్టదాయకములే. ఈ తనిఖీ కార్యక్రమము చేయగలిగినదేమి, చేయజాలనిదేమి అను సంగతి తెలిసినవాడు ఈ రెండు తొందరపాటులకును లోనుగాడు. లీనక్సు యంత్రములలో విరివిగా వాడబడుచున్న ‘ఇ ఎక్స్ టి 4’ అను ఫైలు వ్యవస్థను ఉదాహరణముగా గైకొని ఆ సంగతిని నేడు మనవి చేసెదను.

డిస్కును ఒక పెద్ద సరుకుల కొట్టుగా భావింపుడు. అందు సమానమైన అరలు కోట్ల కొలదిగా ఉండును. ఒక్కొక్క అరకు బ్లాకు అని పేరు. సాధారణముగా ఒక బ్లాకులో 4096 బైట్లు పట్టును. మనము వ్రాసిన ఉత్తరము గాని, తీసిన ఫోటో గాని ఈ బ్లాకులలో ముక్కలుగా నిలువయగును. ఏ ముక్క ఎచ్చట నున్నదో తెలుపు లెక్కలు లేనిచో, కొట్టు నిండుగా నున్నను సరుకు చేతికి దొరకదు. ఆ లెక్కల సముదాయమునే ఫైలు వ్యవస్థ అందురు.

ఆ లెక్కలు ముఖ్యముగా నాలుగు విధములు. ప్రతి ఫైలునకును ‘ఐనోడు’ అను ఒక పద్దు ఉండును. దానికి ఒక సంఖ్య కలదు. ఫైలు ఎవరిది, ఎంత పెద్దది, ఎన్నడు మారినది, దాని ముక్కలు ఏయే బ్లాకులలో నున్నవి అను వివరములన్నియు అందుండును. ఆశ్చర్యకరమైన విషయమేమనగా, ఫైలు పేరు మాత్రము అందుండదు. పేర్లన్నియు డైరెక్టరీ అను రెండవ పుస్తకములో ఉండును. అచ్చట పేరు, దాని ప్రక్కన ఐనోడు సంఖ్య, ఇంతే. ఒకే ఫైలునకు రెండు పేర్లు కూడ ఉండవచ్చును. ఎన్ని పేర్లు కలవో ఆ లెక్క ఐనోడులో వ్రాయబడియుండును. ఏ అరలు ఖాళీ, ఏవి నిండినవి అని చూపు పటము మూడవది. కొట్టు మొత్తమునకు సంబంధించిన గోష్వారా నాలుగవది. దీనిని ‘సూపర్ బ్లాకు’ అందురు. ఇది చెడినచో కొట్టు తలుపే తెరచుకొనదు గనుక దీని నకళ్ళను డిస్కులో పలుచోట్ల భద్రపరచెదరు.

క్రొత్త ఫైలు నొకదానిని చేర్చినచో ఈ నాలుగింటను పద్దులు పడవలెను. ఇవన్నియు ఒక్క క్షణమున పడునవి కావు. ఒకదాని వెనుక ఒకటిగా పడును. నడుమ కరెంటు పోయినచో కొన్ని పడి, కొన్ని మిగిలిపోవును. పటములో ‘నిండినది’ అని గుర్తు పడినది, కాని ఆ అర తనదని చెప్పుకొను ఫైలు లేదు. ఇది స్వల్పదోషము, కొంత చోటు వృథాయగును, అంతే. దీనికి విపరీతముగా, ఒక ఫైలు తనదని చెప్పుకొనుచున్న అర పటములో ‘ఖాళీ’ అని యున్నదనుకొనుడు. ఇది మహాదోషము. రేపు క్రొత్తగా వచ్చు ఫైలు ఆ అరలోనే దించబడి, పాతదానిని తుడిచివేయును. దోషము కనుగొనక ఆ డిస్కును వాడుచున్నకొలది నష్టము పెరుగుచునే యుండును. కరెంటు పోవుట ఒక్కటే దీనికి కారణము కాదు. పెన్ డ్రైవును చెప్పాపెట్టక ఊడబెరుకుట, వదులైన తీగ, చెడిన మెమరీ, వృద్ధమైన డిస్కు, ఇవన్నియు లెక్కలను తారుమారు చేయగలవు.

ఈ చిక్కు డిస్కులతోపాటు పుట్టినదే. 1956 లో ఐ బి ఎం సంస్థ వెలువరించిన తొలి డిస్కు యంత్రములో 24 అంగుళముల వ్యాసము గల 50 పళ్ళెము లుండెడివి. అన్నియు కలిసి సుమారు 50 లక్షల అక్షరములు పట్టెడివి. 1969 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు యూనిక్సు అను వ్యవస్థకు అంకురార్పణ చేసిరి. తొలినాళ్ళ యూనిక్సులో బ్లాకుల లెక్క చూచుటకు ‘ఐచెక్’, డైరెక్టరీల లెక్క చూచుటకు ‘డీచెక్’ అని వేర్వేరు సాధనము లుండెడివి. అవి దోషమును చూపెడివి. దిద్దుట చాలవరకు ఆ విద్య తెలిసిన నిర్వాహకుని చేతిపనియే. 1970 దశాబ్దము చివర ఆ ప్రయోగశాలలోనే టి. జె. కొవాల్‌స్కీ ఈ తనిఖీలన్నిటిని ఒకచోట చేర్చి, దిద్దుబాటును కూడ జోడించి, ఒక కార్యక్రమమును రచించెను. దాని పేరు ఎఫ్, ఎస్, సి, కె అను నాలుగక్షరములు; ‘ఫైల్ సిస్టమ్ చెక్’ అనుటకు సంక్షేపము. అనంతరము బర్క్‌లీలో మార్షల్ కర్క్ మెక్‌క్యూజిక్ దానిని అచ్చటి నూతన ఫైలు వ్యవస్థ కనుగుణముగా పెంపొందించెను. నేటి లీనక్సులో ఆ నాలుగక్షరములు మేస్త్రీ వంటివి. డిస్కుపై నున్న వ్యవస్థ ఏదో చూచి, దానికి తగిన పనివానిని పిలుచును. ఇ ఎక్స్ టి జాతి వ్యవస్థలకు ఆ పనివాడు ‘ఇ 2 ఎఫ్ ఎస్ సి కె’.

డిస్కులు పెరిగినకొలది కొట్టు మొత్తమును లెక్కించుటకు గంటలు పట్టసాగినవి. అందుచేత వర్తకులకు చిరపరిచితమైన ఉపాయ మొకటి ఈ రంగమునకును వచ్చినది. వర్తకుడు నాటి వ్యవహారమును ముందు చిట్టాలో వ్రాసి, తరువాత ఆవర్జాకు ఎక్కించును గదా! అట్లే మార్పులను ముందుగా ‘జర్నల్’ అను చిట్టాలో వ్రాసి, పిదప అసలు లెక్కలలోని కెక్కించు పద్ధతి అవలంబింపబడినది. 2001 లో లీనక్సులో చేరిన ఇ ఎక్స్ టి 3, 2008 లో స్థిరపడిన ఇ ఎక్స్ టి 4 ఈ పద్ధతిని పాటించును. కరెంటు పోయి వచ్చిన తరువాత చిట్టాలో పూర్తిగా నున్న పద్దులను మరల ఎక్కించి, సగములో నిలిచిన వానిని విడిచివేయును. కొన్ని క్షణములలో పని ముగియును. మన యంత్రములు చాలమార్లు ఏమియు జరుగనట్లే లేచి కూర్చుండుటకు కారణ మిదియే. కాని డిస్కే చెడినపుడు, మెమరీయే తప్పు వ్రాసినపుడు చిట్టా రక్షింపజాలదు. అప్పుడు పాత తనిఖీయే శరణ్యము.

ఇక తనిఖీ చేయు విధానము. ఇది బొమ్మలపై నొక్కి చేయు పని కాదు. కమాండ్ లైనుపై అక్షరములలో ఆజ్ఞ వ్రాసి చేయవలసినది. బొమ్మల తెరను చూపు ఫైలులే అందకున్నపుడు సైతము ఈ నల్లని తెర మిగిలియుండును గనుక ఇదియే నమ్మదగినది.

మొదటి నియమము: వాడుకలో నున్న డిస్కును దిద్దరాదు. గుమాస్తా ఒక ప్రక్క పద్దులు వ్రాయుచుండగా తనిఖీదారు మరియొక ప్రక్క అవే పుటలను దిద్దినచో, లోగడ సరిగానున్న లెక్క కూడ చెడును. వాడుకకు తగిలించుటను ‘మౌంటు’ అందురు. ముందు దానిని విప్పవలెను. ఆ ఆజ్ఞ వ్రాయునపుడు ‘యు’ తరువాత ‘ఎన్’ ఉండదని గుర్తుంచుకొనవలెను: యు, ఎమ్, ఓ, యు, ఎన్, టి. యంత్రము లేచుటకు ఆధారమైన డిస్కే చెడినచో దానిని విప్పుట సాధ్యము కాదు గనుక, లీనక్సు గల వేరొక పెన్ డ్రైవుతో యంత్రమును లేపవలెను. ‘ఎల్ ఎస్ బి ఎల్ కె’ అను ఆజ్ఞ యంత్రమునందలి డిస్కుల పేర్లను, పరిమాణములను చూపును. ఒకదానికి బదులు మరియొకదానిని ఎంచుకొనకుండుటకు ఈ పట్టికను రెండుమార్లు చదువుట మంచిది.

రెండవ నియమము: రోగము లెక్కలదో, కొట్టు గోడలదో తెలిసికొనవలెను. ‘డి మెసేజ్’ అని పలుకు ఆజ్ఞను డి, ఎమ్, ఇ, ఎస్, జి అని వ్రాసినచో యంత్రపు దినచర్య కనబడును. అందు డిస్కును చదువలేకపోయితినను ఫిర్యాదులు మరల మరల కనబడినచో డిస్కు స్వయముగా క్షీణించుచున్నదని అనుమానింపవలెను. ‘స్మార్ట్ సి టి ఎల్’ అను సాధనము డిస్కు తన ఆరోగ్యమును గూర్చి తానే వ్రాసికొన్న లెక్కను చూపును. చెడి మార్చబడిన చోట్లు, మార్పునకై వేచియున్న చోట్లు ఎన్ని కలవో అందు తెలియును. డిస్కు క్షీణించుచున్నచో దానిపై దిద్దుబాటు తలపెట్టరాదు. కూలుచున్న కొట్టులో కూర్చుండి పుస్తకములు తిరుగవ్రాయుట వివేకము కాదు గదా! అప్పుడు ‘డి డి రెస్క్యూ’ అను సాధనముతో దానిని ఉన్నదున్నట్లు మరియొక మంచి డిస్కుపైకి నకలు తీసి, ఆ నకలును దిద్దవలెను. ఈ సాధనము తేలికగా చదువగల భాగములను ముందు తీసికొని, మొండికెత్తిన చోట్లను తరువాత ప్రయత్నించును.

మూడవ నియమము: ముట్టుకొనక ముందు చూడవలెను. ఇ 2 ఎఫ్ ఎస్ సి కె అని వ్రాసి, దాని ప్రక్కన హైఫను ఎఫ్, హైఫను ఎన్ అను రెండు గుర్తులు చేర్చి, పిదప డిస్కు భాగపు పేరు వ్రాయుడు. ‘ఎఫ్’ అనగా పైకి శుభ్రముగా కనబడినను పూర్తి తనిఖీ చేయుమని; ‘ఎన్’ అనగా ప్రతి ప్రశ్నకును ‘కాదు’ అని నీవే చెప్పుకొని, ఏమియు మార్పక ఊరక చూపుమని అర్థము. ఈ విధముగా చూచునపుడు చిట్టాలో మిగిలిన పద్దులు ఎక్కింపబడవు గనుక, దోషములు ఉన్నవానికంటె అధికముగా కనబడవచ్చును. అయినను వరుసలు రెండు మూడా, పుటల కొలదిగా పరుగెత్తుచున్నవా అను అంచనా ఏర్పడును. అట్లు పరుగెత్తుచున్నచో ఆగి, నకలు తీయకుండ అడుగు ముందుకు వేయరాదు.

తనిఖీ ఐదు విడతలుగా సాగును. మొదటి విడతలో ప్రతి ఐనోడును చదివి, అది చెప్పుకొను బ్లాకులు, పరిమాణము పొసగుచున్నవా అని చూచును. రెండవ విడతలో డైరెక్టరీలలోని పేర్లు నిజమైన ఐనోడులను చూపుచున్నవా అని పరీక్షించును. మూడవ విడతలో ప్రతి డైరెక్టరీయు మూలముతో కలిసియున్నదా అని వెదకును. నాలుగవ విడతలో ఐనోడులో వ్రాసిన పేర్ల సంఖ్యను, నిజముగా కనుగొన్న పేర్ల సంఖ్యను సరిపోల్చును. ఐదవ విడతలో ఖాళీ, నిండిన అరల పటమును తాను లెక్కించిన దానితో సరిచూచును. ఈ చివరి విడతలోని దోషములు సామాన్యముగా భయపడదగినవి కావు. మొదటి విడతలోనివి శ్రద్ధగా చదువవలసినవి.

దిద్దునపుడు కార్యక్రమము ప్రతి దోషమును చెప్పి ‘దిద్దవచ్చునా’ అని అడుగును. హైఫను ‘పి’ అను గుర్తు చేర్చినచో నిరపాయకరమైన వానిని మాత్రము తానే దిద్ది, మిగిలిన వాని విషయమున యజమానిని పిలుచును. హైఫను ‘వై’ అను గుర్తు అన్నిటికిని ‘అవును’ అను ఖాళీ కాగితముపై మన చేవ్రాలు వంటిది. అది ఎంత ప్రమాదకరమో చూడుడు. తీగ వదులై డిస్కులోని ఐనోడుల పట్టిక తప్పుగా చదువబడుచున్న దనుకొందము. కార్యక్రమము ఆ పద్దులన్నియు అర్థరహితములని తలచి ‘తుడువవచ్చునా’ అని అడుగును. ముందే ‘అవును’ అని చెప్పియున్నాము. సరిచేయబడిన తీగతో మరునాడు చక్కగా చదువబడవలసిన వేలాది పద్దులు ఆ రాత్రికే తుడిచివేయబడును. హైఫను ‘జెడ్’ అను గుర్తుతో మార్పులకు పూర్వమున్న స్థితిని వేరొక డిస్కుపై ఒక ఫైలులో దాచు సౌకర్యము కలదు. ‘ఇ 2 అన్‌డూ’ అను సాధనము దాని సహాయముతో దిద్దుబాటును వెనుకకు మరల్చగలదు.

పేరు పోగొట్టుకొని, పద్దు మాత్రము మిగిలిన ఫైలులు కొన్ని దొరకును. వీనిని కార్యక్రమము ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ అను డైరెక్టరీలో చేర్చును. తప్పిపోయిన పిల్లలను తిరునాళ్ళలో ఒకచోట కూర్చుండబెట్టినట్లు అవి అచ్చట యజమానికై వేచియుండును. పేరు పోయినది గనుక ఐనోడు సంఖ్యయే వానికి పేరగును. ‘ఫైల్’ అను ఆజ్ఞ వాని లోపలి లక్షణమును బట్టి ఇది ఫోటో, ఇది పత్రము అని చెప్పగలదు. తొందరపడి ఈ డైరెక్టరీని తుడిచివేసినవారు చేతికందిన సొత్తును వదలుకొన్నవారగుదురు.

సూపర్ బ్లాకే చెడినచో దాని నకలును వాడవలెను. 4096 బైట్ల బ్లాకులు గల వ్యవస్థలో మొదటి నకలు సామాన్యముగా 32768 వ బ్లాకులో ఉండును. హైఫను ‘బి’ అని ఆ సంఖ్య నిచ్చిన చాలును. పని ముగిసిన పిదప కార్యక్రమము ఒక సంఖ్యను తిరిగి యిచ్చును. 0 అనగా దోషము లేదు. 1 అనగా దోషములు దిద్దబడినవి. 2 అనగా యంత్రమును మరల లేపవలెను. 4 అనగా దిద్దనివి ఇంకను కలవు. 8 అనగా తనిఖీయే సాగలేదు. దోషములు దిద్దిన తరువాత మరల ఒకమారు తనిఖీ నడిపి, 0 వచ్చువరకు చూచుట వాడుక.

విండోసు గృహములలో ఇట్టి పనికి ‘చెక్ డిస్క్’ కలదు. వ్రాయునపుడు సి, హెచ్, కె, డి, ఎస్, కె. గుర్తు లేమియు చేర్చకున్నచో అది చూచి చెప్పును గాని దిద్దదు. స్లాష్ ‘ఎఫ్’ చేర్చినచో దిద్దును. స్లాష్ ‘ఆర్’ చేర్చినచో డిస్కులోని చెడిన చోట్లను కూడ వెదకును. క్షీణించిన డిస్కుపై ఈ శ్రమ హానికరము. ప్రధానమైన డిస్కు వాడుకలో నుండును గనుక, తరువాత లేచునపుడు తనిఖీ చేయవచ్చునా అని అడుగును. లీనక్సులోనే ‘ఎక్స్ ఎఫ్ ఎస్’ అను వ్యవస్థకు మాత్రము సాధారణ తనిఖీ ఆజ్ఞ ఏమియు చేయదు. దానికి ‘ఎక్స్ ఎఫ్ ఎస్ రిపేర్’ అను వేరు సాధనము కలదు. దానికి కూడ హైఫను ‘ఎన్’ అనగా చూచుట మాత్రమే.

ఇంతవరకు చెప్పిన దానిలో కీలకమైన విషయ మొకటి కలదు. తనిఖీదారు ఆవర్జాను చూచును. బస్తాలను విప్పి బియ్యము మంచివో కావో చూడడు. ఒకే బ్లాకును పెండ్లి ఫోటోయు, పింఛను దరఖాస్తును తమదే యని చెప్పుకొనుచున్న వనుకొందము. కార్యక్రమము ఆ బ్లాకునకు నకలు తీసి, చెరియొకటి ఇచ్చి, తగవు తీరినదని పలుకుటకు సంసిద్ధము. లెక్క సరిపోయినది. కాని ఆ అరలోని సరుకు వాస్తవముగా ఆ రెండింటిలో ఒకదానిదే. రెండవ దానిని తెరచినపుడు, వధువు ముఖమున్న చోట బూడిదవర్ణపు పట్టీ కనబడవచ్చును. లేదా దరఖాస్తు నడుమ అర్థము లేని అక్షరములు ఉండవచ్చును. కార్యక్రమము దీని నెఱుగదు. ఎఱుగుమని దాని నెవరును నియమింపలేదు. ‘శుభ్రముగా నున్నది’ అని అది చెప్పినపుడు, లెక్కలు ఒకదానితో ఒకటి పొసగుచున్నవని మాత్రమే మనము గ్రహింపవలెను. వ్యవస్థను నిలబెట్టుట దాని ధర్మము. మన సొత్తును కాపాడుట మన ధర్మము.

ఆ ధర్మమును కరెంటు పోయిన రాత్రి నిర్వర్తింప వీలుపడదు. అంతకు పూర్వమే నిర్వర్తింపవలెను. పోయినచో మరల సంపాదింపలేని వానిని ముందు ఎంచుకొనుడు. వానికి అసలు గాక రెండు నకళ్ళుండవలెను. అందొకటి మరియొక డిస్కుపై, ఇంకొకటి మరియొక ఇంట నుండుట క్షేమము. నకలు తీసినంతమాత్రమున తృప్తిపడక, నెల కొకమారు అందుండి రెండు ఫైలులను తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు కూడ వినియోగమునకు రాని లెక్కయే. ఈ జాగ్రత్త పాటించిన గృహములో నల్లని తెర కనబడిన నాడు యజమాని నింపాదిగా కూర్చుండి, డిస్కును విప్పి, ముందు చూచి, పిమ్మట దిద్దుకొనగలడు. దిద్దుబాటు ఫలింపకున్నను ఆ ఇంటికి పోవునది ఒక సాయంకాలపు కాలమే గాని, కుటుంబము కూడబెట్టుకొన్న జ్ఞాపకములు కావు.